చేతిలోవి రెండే

పోయినవారం మనం కండక్టరమ్మ చెయ్యిని గాల్లోనే వదిలేసి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. సైకిళ్ల షాపు మేడ మీది వినోదశాల. మధ్యాహ్నం మూడున్నర. కప్పు కోసం సాగిన ఆటలో ఆఖరి పంపకం అయిపోయింది. ఆడినవాళ్లలో ఒకరు లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు కండక్టరమ్మకు సాక్షాత్తూ వదిన. తోడబుట్టిన అన్న భార్య, నాలుగు వీధులకు చొక్కాలూ గౌన్లూ కుట్టిపెట్టే మనిషి. పంచింది కండక్టరమ్మ. వారంలో ఆరు రోజులు బస్సులో టికెట్లు చింపి, ఏడో రోజు ఇక్కడ పేకముక్కలు పంచడమే ఆవిడకు విశ్రాంతి.

ఆ ఆటను ఈ మేడ ఎక్కించింది కూడా ఆవిడే. దాని అసలు పేరు ఒమాహా. శాలలో అందరూ నాలుగుముక్కలాట అంటారు. ఒక్కొక్కరి చేతికి నాలుగేసి ముక్కలు. ఎవరివి వాళ్లకే కనబడాలి. బల్ల మధ్యలో అయిదు ముక్కలు వెల్లకిలా, అవి అందరివీ. వీటిలోంచి అయిదింటిని కూర్చుకుని, ఎవరి పట్టు గట్టిదో తేల్చుకోవాలి. పందెం కాసేవి ఉత్త ప్లాస్టిక్ బిళ్లలే.

కమిటీ ప్రెసిడెంటు మందుల షాపాయన. ఎదురుగా ప్రెసిడెంటుగారు, వీపు వెనక మోతాదుగారు. నవ్వు కూడా గరిటెతో కొలిచి పోస్తారని ఆ పేరు. కొత్త ఆటకు ఆయన మూడు నెలల గడువిచ్చారు. "ఆడుకోండి. కాదనను. గొడవంటూ వచ్చిందా, ఆ రోజే ఆ బల్ల మీద క్యారమ్స్ బోర్డు" అన్నారు. గడువు ఈరోజుతో సరి. ఏ గొడవా లేకుండా ఈ పూట గడిస్తే ఆట నిలుస్తుంది, కండక్టరమ్మ పంచే కుర్చీ నిలుస్తుంది.

అటువంటి పూట వదిన తన నాలుగు ముక్కలూ బల్ల మీద చరిచి "కలర్!" అని కేక పెట్టింది. మాస్టారు తన ముక్కలు తెరిచి చూపించి, "ఓడిపోయానమ్మా" అని నవ్వేశారు. శాల శాలంతా చప్పట్లు. ఇక మధ్యనున్న బిళ్లల గుట్టను వదిన వైపు తోసేస్తే అయిపోయినట్టే.

తోయడానికి లేచిన చెయ్యి తోయలేదు.

ఎందుకాగిందో ఆ చేతికి తెలుసు. బల్ల మధ్యలో ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, ఆఠీను ఆరు, కళావరు తొమ్మిది, ఆఠీను మూడు. వదిన చేతిలో ఆఠీను ఆసు. ఎర్రటి ఆఠీన్లు అయిదు కళ్లు జిగేల్మనేలా పరుచుకుని ఉన్నాయి. ఒకే గుర్తువి అయిదు కుదిరితే దాన్నే కలర్ అంటారు. దాని ముందు చాలా పట్లు బలాదూర్. కళ్లున్నవాడెవడైనా చప్పట్లు కొడతాడు.

కానీ వదిన చేతిలోని మిగతా మూడూ? ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి, డైమన్ జాకీ. చేతిలో ఆఠీను ఒక్కటే. నాలుగుముక్కలాటలో ఒక్కటి చాలదు. చేతిలోంచి రెండు తియ్యాలి, బల్ల మీంచి మూడు తియ్యాలి. తగ్గకూడదు, పెరగకూడదు.

ఇదివరకు శాలలో ఆడిన రెండుముక్కలాటలో ఒక్కటి చాలేది. అందులో చేతిలోవి రెండూ వాడుకోవచ్చు, ఒకటే వాడుకోవచ్చు, రెండూ పక్కన పెట్టి బల్ల మీదివే చూపించినా అడిగేవాడు లేడు. పదేళ్ల అలవాటు అది. ఇల్లు మారినా కాళ్లు పాత సందులోకి తిరిగినట్టు, వదిన కళ్లు పాత లెక్కలోకి తిరిగాయి. వదినవే కాదు, అందరివీ. అంకెలతో బతికిన మాస్టారివి కూడా.

నోరు మూసుకుంటే ఏం పోయింది? వదిన కప్పు గెలుస్తుంది. ఒకే వంటింట్లో తిరిగే ఇద్దరాడవాళ్ల మధ్య నెల్లాళ్లపాటు పండగే. మోతాదుగారు పుస్తకంలో సంతకం పెడతారు. ఆట నిలుస్తుంది. పట్టుకున్నవాడెవడూ లేడు.

కానీ కండక్టరమ్మకు ఒక పిచ్చి ఉంది. తప్పు టికెట్టు మీద ఎంత దూరం పోయినా దాన్ని ఆవిడ ప్రయాణం అనదు, తప్పించుకు తిరగడం అంటుంది.

"వదినా, ఒక్క నిమిషం. బిళ్లలు ముట్టుకోకు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో మూలన ఉన్నాయన ఆలస్యంగా ఇంకో రెండు కొట్టి, తనొక్కడివే వినబడేసరికి చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"ఏమైందే మరదలా?" అంది వదిన, ఇంకా నవ్వు మొహంతోనే. "బిళ్లలు తోయడానికి కూడా టికెట్టు కొట్టాలా?"

"అది కలర్ కాదు వదినా."

"ఆ?"

"నీ చేతిలో ఆఠీను ఒక్కటే ఉంది. రెండుండాలి."

వదిన తన ముక్కల వంక చూసింది, బల్ల వంక చూసింది, మరదలి వంక చూసింది. ఆ మూడో చూపులో నవ్వు లేదు.

"ఒకటీ నాలుగూ అయిదు. అయిదూ ఎర్రగా ఉన్నాయి. నీ కళ్లకేమైనా పొరలొచ్చాయా?"

"ఎర్రగానే ఉన్నాయి వదినా. బల్ల మీంచి మూడే తీసుకోవాలి. నువ్వు నాలుగు తీసుకున్నావు."

"అన్యాయంగా మాట్లాడకు. ఓడిపోయానని మాస్టారే అన్నారు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

మాస్టారు అప్పటికే కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ముక్కల మీదికి వంగారు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

సరిగ్గా అప్పుడు గోడ పక్క కుర్చీలోంచి మోతాదుగారు గొంతు సవరించుకున్నారు. ఆ గొంతు సవరింపు శాలలో అందరికీ తెలుసు. మందు ఇవ్వబోయే ముందు సీసా కుదుపుతున్నట్టు ఉంటుంది.

"గొడవా?" అన్నారాయన.

ఒక్క మాట. కండక్టరమ్మ బిళ్లల గుట్టకు చెయ్యి అడ్డం పెట్టి అటు తిరిగింది.

"గొడవ కాదండీ. నియమం చెబుతున్నాను."

"నియమం గోడ మీద ఉంది కదమ్మా. మనమెందుకు నోళ్లు నొప్పి పుట్టించుకోవడం?" అని ఆయన లేచి గోడకున్న నియమాల బోర్డు దగ్గరికి నడిచారు. నీలం రేకు మీద తెల్ల అక్షరాలు, గుండ్రంగా, పొందిగ్గా. ఆయన వేలు పెట్టి చదివారు. "చేతిలోవి రెండు, బల్ల మీదివి మూడు." ఇటు తిరిగారు. "రెండు అని ఉంది. అంటే రెండు దాకా అనుమతి. ఆవిడ ఒకటే వాడింది. అనుమతి ఇచ్చినదానికంటే తక్కువ వాడుకోవడం పొదుపే కానీ నేరం కాదు."

"మరి బల్ల మీదివి నాలుగు వాడిందిగా?"

"ఇటు ఒకటి తగ్గింది, అటు ఒకటి పెరిగింది. మొత్తం అయిదేగా!"

శాలంతా తలలూపింది. మొత్తం అయిదే అన్న మాటకు ఎవరు ఎదురు చెప్పగలరు?

కండక్టరమ్మ బోర్డు వంక చూసింది. మూడు నెలలుగా వారం వారం చూస్తున్న బోర్డే. ఏముందో తనకు తెలుసు గనక ఏం రాసి ఉందో ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు చదివింది. చదివి, మెల్లగా తలుపు వైపు తిరిగింది. అక్కడ గడప మీద, మోచేతుల దాకా రంగు మరకలతో, భార్య ఆట చూద్దామని పని మధ్యలో వచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా," అంది కండక్టరమ్మ, "నేను నీకు ఏం రాయమని చెప్పాను?"

ఊళ్లో సగం దుకాణాల పేర్లు రాసిన ఆ చెయ్యి తల గోక్కుంది. "నువ్వు చెప్పిందే రాశాను."

"నేను చెప్పింది రెండే, మూడే అని. అక్కడుంది రెండు, మూడు అని."

"ఏదో ఒకటిలే. అర్థమవుతోందిగా?"

"ఏత్వం ఏదన్నయ్యా?"

"ఏత్వం పెడితే బాగోదే," అన్నాడు అన్న, ఒక అడుగు లోపలికి వేసి, వృత్తి గౌరవం కాపాడుకోవాల్సిన సమయం వచ్చిందన్నట్టు. "రెండే అంటే ఏదో కరువొచ్చినట్టు, ఇంక లేవు పొమ్మన్నట్టు ఉంటుంది. బోర్డన్నాక నిండుగా ఉండాలి. ఇరవయ్యేళ్లుగా రాస్తున్నాను. 'ఇచట సైకిళ్లే బాగుచేయబడును' అని ఒక్కడంటే ఒక్కడు రాయించుకున్నాడా? అందుకని ఏత్వం తీసేసి కొమ్ము పెట్టాను."

"పెట్టారు మహానుభావా!" అంది వదిన. "ఆ కొమ్మే ఇప్పుడు వచ్చి నా డొక్కలో పొడుస్తోంది." ఆవిడ నడుం మీద చేతులేసుకుని శాలకంతకూ వినబడేలా అంది. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! అసలు మొగుడు అక్షరం మింగేశాడు, అర్ధమొగుడు కప్పు మింగేస్తోంది. నాకిక మిగిలిందేమిటి, బోడి కొమ్ము!"

శాల ఫక్కుమంది. మోతాదుగారి పెదవి కూడా ఒక చెంచాడు వంకర తిరిగింది. కానీ వెంటనే సర్దుకుంది.

"రాసింది రాతే," అన్నారాయన. "బోర్డు ప్రకారమే ఇన్నాళ్లూ ఆడాం. మనసులో ఏముందో బోర్డు చెప్పదు."

కండక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. రద్దీ బస్సులో రెండు సీట్ల మధ్య నిలబడి ఏ కడ్డీ పట్టుకోకుండా చిల్లర ఇచ్చే మనిషి. ఆ నిలకడే ఇప్పుడూ వచ్చింది.

"ప్రెసిడెంటుగారూ, మీ షాపుకొచ్చినాయనకు తెల్ల మాత్రలు రెండు, పచ్చ మాత్రలు మూడు అని పొట్లం మీద రాసిచ్చారనుకోండి. ఆయన తెల్లది ఒకటి మింగి, పచ్చవి నాలుగు మింగి, మొత్తం అయిదేగా అంటే ఏమంటారు?"

మోతాదుగారు బోర్డు వదిలి బల్ల వైపు రెండడుగులు వేశారు.

"మాత్రలు వేరమ్మా."

"వేరే అండీ. అయినా అడుగుతున్నాను. పొట్లం మీద రెండే అని ఏత్వం పెట్టి రాస్తారా మీరు? రెండు అనే రాస్తారు. అందరికీ అర్థమవుతుంది."

కిటికీ దగ్గర ఎవరో "అదీ మాట!" అన్నారు. మోతాదుగారు అటు చూడకుండా కళ్లద్దాల మీంచి కండక్టరమ్మనే చూశారు. మందు చేదుగా ఉన్నా పనిచేస్తోందని తెలిసిన చూపు అది.

"సరే," అన్నారు. "మాత్రకైతే కారణం ఉంది. ఎక్కువైతే మనిషి పోతాడు. నీ ఆటలో రెండే ఎందుకుండాలి? చేతికి నాలుగిచ్చి, రెండే వాడమనడం ఏం తర్కం? కారణం లేని నియమాన్ని ఎవరు మన్నిస్తారు?"

నిజానికి ఆ ప్రశ్న కోసమే ఆవిడ మూడు నెలలుగా కాచుక్కూర్చుంది. ఎవరూ అడగలేదు.

"నాకు ఇది నేర్పింది మొదటి సీటు తాత," అని మొదలుపెట్టింది. "నా బస్సులో పొద్దున్నే మొదటి స్టాపులో ఎక్కి ఆఖరి స్టాపు దాకా వచ్చేవాడు. దిగే పనేమీ లేదు, మళ్లీ అదే బస్సులో వెనక్కి. వయసులో ఉండగా ఓడల మీద పేక పంచిన మనిషి. స్టాపుకో నియమం చొప్పున చెప్పేవాడు. నేను టికెట్లు కొట్టి వచ్చేసరికి ఎక్కడ ఆపాడో అక్కడ అందుకునేవాడు. ఈ 'రెండే' అన్న సంగతి చెప్పడానికి ఆయనకు పూర్తిగా ఒక ట్రిప్పు పట్టింది."

"ఆట పేరు ఒక ఊరి పేరు," అని కొనసాగించింది. " ఆ ఊళ్లోనే పుట్టిందా తాతా అంటే తల అడ్డంగా ఊపేవాడు. కన్నవాళ్లెవరో గట్టిగా చెప్పలేం, పేరు పొందింది మాత్రం ఎడారి మధ్య దీపాల ఊళ్లో, పెద్ద పేకాట బల్లల మీద అనేవాడు. నలభై యేళ్ల పైమాట. అప్పట్లో చేతికి నాలుగు కాదు, రెండే ముక్కలు. మన పాత ఆటలాగే. తేడా ఒక్కటే. ఆ రెండూ వాడి తీరాలి. బల్ల మీంచి మూడు. నచ్చినా నచ్చకపోయినా నీకొచ్చిన రెండూ నువ్వు మోయాల్సిందే."

"కష్టమే," అన్నారు మాస్టారు, ముక్కల మీంచి తలెత్తకుండానే.

"కష్టమేనండీ. ఆట బిగుసుకుపోయేది. పనికిరాని రెండు ముక్కలొస్తే మనిషి ముడుచుకుని కూర్చోవడమే. అప్పుడు ఎవరికో బుద్ధి పుట్టింది. నియమం సడలిద్దాం అనలేదు వాళ్లు. అక్కడుంది గొప్పతనం! ముక్కలు పెంచుదాం అన్నారు. చేతికి నాలుగిచ్చారు. కానీ రెండు వాడాలన్న పాత మాటను మాత్రం పట్టుకునే ఉన్నారు. అందుకని ఈ ఆటలో రెండు అనేది కొత్తగా పెట్టిన అడ్డు కాదు. ముందున్నది అదే. నాలుగు తర్వాత వచ్చి చేరింది."

కింద సైకిల్ షాపులో ఎవరో చక్రం తిప్పి వదిలారు. అది తిరుగుతున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"ఆరు," అన్నారు మాస్టారు ఉన్నట్టుండి.

అందరూ అటు తిరిగారు. ఆయన మొహం పరీక్ష పేపర్లో ఊహించని పిల్లవాడు లెక్క కరెక్టుగా చేసినప్పుడు వెలిగే మొహంలా వెలిగింది.

"నాలుగు ముక్కల్లోంచి రెండేసి తీస్తే ఆరు జతలు. బల్ల మీది అయిదింటిలోంచి మూడేసి తీస్తే పది. ఆరు పదులు అరవై! అమ్మా, నాలుగు ముక్కలు పట్టుకున్నవాడు అరవై పట్లు పట్టుకుని కూర్చున్నట్టు! ఆ రెండే అన్న కట్టు విప్పేస్తే ఇంకా ఎక్కువొస్తాయి, నిజమే. కానీ అప్పుడు అందరి దగ్గరా బల్ల మీదివే ఉంటాయి. ఒకటే కూర అందరి కంచాల్లోనూ! ఈ కట్టు ఉంది కనక ఎవరి పట్టు వాళ్లది. చేతిలోంచి సగానికి తక్కువగా సొంత సరుకు, రెండు పాళ్లు. సగానికి ఎక్కువగా ఉమ్మడి సరుకు, మూడు పాళ్లు. ఆహా! ఇది చేసినవాడెవడో గానీ నా క్లాసులో ఉంటే నూటికి నూరు వేసేవాణ్ని."

"నూటికి అరవై వేస్తే చాలు మాస్టారూ," అన్నాడు అన్న గుమ్మం దగ్గర్నించి, తన పాపం కాస్త మరుగున పడుతుందేమోనని.

వదిన నవ్వలేదు. ఆవిడ కూర్చుని, తన నాలుగు ముక్కలనూ ముందుకు జరుపుకుంది. కుట్టబోయే గుడ్డ ముక్కలను పరిచి చూసుకుంటుందే, అచ్చం అలా. రెండు రెండుగా తీసి పక్కన పెట్టి చూసింది. ఆఠీను ఆసూ రాణీ. పెదవి విరిచింది. ఆఠీను ఆసూ జాకీ. ఉహుఁ. రాణీ జాకీ. ఆసులు రెండూ. అక్కడ కాసేపు ఆగింది. బల్ల మీది రెండు తొమ్మిదులనూ రాజునూ వేలితో దగ్గరికి లాగింది.

కండక్టరమ్మ ఆ ముక్కలనే చూస్తోంది. ఈవిడ ఇప్పుడు ముక్కలు విసిరికొడితే అది గొడవ. లేచి వెళ్లిపోయినా గొడవే. ఆట బతుకు ఆ రంగురంగుల దారాలు చుట్టుకున్న వేళ్ల మధ్య ఉంది.

"నేనూ ఎంత మొద్దునే!" అంది వదిన చివరికి. "పొద్దున లేస్తే చేసే పనే. ఎన్ని ముక్కలు కోసినా, చొక్కాకు చేతులు రెండే. గుడ్డ మిగిలింది కదా అని మూడో చెయ్యి కుడతామా? తక్కువైంది కదా అని ఒంటి చెయ్యితో వదిలేస్తామా?" ఆసులు రెండూ పైకెత్తి చూపించింది. "నాది రెండు ఆసులూ రెండు తొమ్మిదులూ. రెండు జతలు. కలర్ కాదు. నా నోటితో నేనే చెబుతున్నాను. రాసుకోండి."

ఆ క్షణంలో కండక్టరమ్మకు వదిన మీద పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నారు. ఉప్పు దగ్గరా పప్పు దగ్గరా ఏనాడూ వెనక్కి తగ్గని మనిషి. ముక్కల దగ్గర, నలుగురిలో, చప్పట్లు కొట్టించుకున్న అయిదు నిమిషాలకే, తనంతట తాను తగ్గింది.

"మరి మాస్టారిది?" అని అడిగింది వదినే.

"ఆయన ఓడిపోయానన్నారు కదా," అన్నారు మోతాదుగారు.

"అన్నారండీ. కానీ ముక్కలు బోర్లా పడెయ్యలేదు," అంది కండక్టరమ్మ. "బోర్లా పడేస్తే అవి చచ్చిన ముక్కలు, మళ్లీ లేవవు. వెల్లకిలా ఉన్నంతసేపూ బతికున్నట్టే. మనిషి నోరు ఏమన్నా సరే, బతికున్న ముక్కలు ఏం చెబితే అదే తీర్పు." మాస్టారి ముక్కల్లోంచి డైమన్ తొమ్మిదినీ కళావరు రాణినీ ముందుకు తీసింది. "ఇక్కడ తొమ్మిది, బల్ల మీద రెండు తొమ్మిదులు. మూడు తొమ్మిదులు. రెండు జతల మీద ఇది పైచెయ్యి. ఆట మాస్టారిది."

ఈసారి ఆవిడ చెయ్యి ఆగలేదు. బిళ్లల గుట్ట మాస్టారి వైపు జరజరా జారింది.

మోతాదుగారు బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, రిజిస్టరు ముందుకు లాక్కున్నారు. కలం మూత తీశారు. రాయలేదు.

"గొడవ జరిగింది కదా," అన్నారు మెల్లగా. "మాట మాటే."

"ఏదండీ గొడవ?" వదిన చివాల్న తిరిగింది. "ఎవరు కొట్టుకున్నారు? వదినా ఆడపడుచూ నాలుగు మాటలనుకుంటే గొడవా? అలాగైతే మా ఇంట్లో రోజుకు మూడు పూటలా క్యారమ్స్ బోర్డు వెయ్యాలి!"

ఈసారి శాల నవ్వింది మామూలు నవ్వు కాదు. పైకప్పు రేకులు అదిరాయి. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. మోతాదుగారు కూడా నవ్వారు, ఎప్పుడూ లేనిది, సీసా మొత్తం ఒంపేసినట్టు. కండక్టరమ్మ కుర్చీలో కూలబడింది. గెలిచింది. ఆట నిలిచింది.

మోతాదుగారు కలం కాగితానికి ఆనించారు. తేదీ వేశారు. తేదీ కింద చెయ్యి ఆగిపోయింది.

"ఒక్క సందేహం," అన్నారు.

నవ్వులు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు.

"మూడు వారాల కిందట ఇదే బల్ల మీద మీ వదినకూ నాకూ పడింది. గెలిచినవాళ్లు ఈ ఆఖరాటకు వస్తారు. నాది మూడు జాకీల పట్టు. ఆవిడ ఇస్పేటు ఆసు చూపించి కలర్ అంది. బల్ల మీద నాలుగు ఇస్పేట్లు. నేను ముక్కలు బోర్లా పడేసి, మెట్లు దిగి వెళ్లిపోయాను." ఆయన కళ్లు మూసుకుని ఆ రోజును వెతుకుతున్నట్టు మాట్లాడారు. "ఆవిడ మిగతా మూడు ముక్కలూ ఎర్రవి. ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనబడుతున్నాయి. ఎర్రవే."

వదినకూ గుర్తొచ్చింది.

"బోర్లా పడేశారుగా ప్రెసిడెంటుగారూ," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "అవి చచ్చిన ముక్కలు."

"తెలుసు మాస్టారూ. ఇప్పుడే నేర్చుకున్నాను. నేను కప్పు అడగడం లేదు." ఆయన కలం ఎత్తి కండక్టరమ్మ వైపు చూపించారు. "ఆ రోజు పంచింది నువ్వే. ఈరోజు అందరం చప్పట్లు కొడుతుంటే ఒక్క చూపులో పట్టుకున్నావు. ఆ రోజు నీకు కనబడలేదా? కొత్త ఆట, కొత్త కన్ను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కనబడలేదండీ అని ఒక్క మాట చెప్పమ్మా. సంతకం పెట్టేస్తాను."

ఎంత తేలికైన మాట! నాలుక చివర పెట్టుకుని వదిలేస్తే చాలు. బల్ల కింద వదిన చెయ్యి వచ్చి మరదలి మోకాలిని గట్టిగా గిల్లింది. చెప్పవే, చెప్పెయ్, అని. గుమ్మం దగ్గర అన్న తనకు తెలియకుండానే తల అడ్డంగా ఊపుతున్నాడు, ఎలా చెప్పాలో చూపిస్తున్నట్టు.

మూడు వారాలుగా కండక్టరమ్మ తన మనసును ఆ మధ్యాహ్నం దరిదాపులకు పోనివ్వలేదు. పోనిస్తే అది నేరుగా ఆ మూడు ఎర్రముక్కల దగ్గరికే వెళ్లి కూర్చుంటుందని తెలుసు. చెల్లాచెదురైన పేకను పోగుచేస్తూ ఆవిడ వాటిని చూసింది. మెట్ల మీద మోతాదుగారి చెప్పుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేవారు. గడువింకా మూడు వారాలుంది, ఇప్పుడు గొడవెందుకు, అనుకుంది. ఎర్రముక్కలు మూడింటినీ పేకలో కలిపేసింది.

కలం కొన మీద సిరా చుక్క పెద్దదవుతోంది.

"కనబడిందండీ," అంది కండక్టరమ్మ. "మీరు మెట్లు దిగుతుండగానే కనబడింది."

వదిన చెయ్యి మోకాలి మీంచి జారిపోయింది. మోతాదుగారు కలానికి మూత పెట్టారు. మూత బిగించడానికి ఎంతసేపు పట్టాలో అంతకు మూడింతలు పట్టింది. కుర్చీ వెనక్కి జరుపుకుని లేచారు.

అందరూ మెట్ల వైపు దారి ఇచ్చారు. ఆయన అటు వెళ్లలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పంచే కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ ఆనించారు.

"లేమ్మా," అన్నారు.